మూసారాంబాగ్‌కు పేరిచ్చిన సేనాని

ఎల్.బి.నగర్ నుండి మెట్రోలో వస్తుంటే దిల్‌సుఖ్‌నగర్ తర్వాతి స్టేషన్ మూసారాంబాగ్. ఈ పేరు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) పేరు మీద వచ్చిందని మనలో కొందరు అనుకుంటారు. నిజానికి అది మాన్స్యూర్ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరు. జనం నోట మాన్స్యూర్ కాస్తా మూసా అయ్యింది. ముస్లిములు ఆయన్ని మూసా రహీమ్ అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారు.

1755లో ఫ్రాన్సులో జన్మించిన రేమండ్ 1775లో వర్తకం కోసం పాండిచ్చేరి చేరాడు. తర్వాత సిపాయిగా మారి మైసూరు సైన్యంలోనూ, ఫ్రెంచి సేనాపతి బుస్సీ వద్దా పనిచేశాడు. బుస్సీ మరణానంతరం నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. కొన్ని వందల మందితో మొదలైన ఆయన దళం సుమారు 14,000కు పెరిగింది. ఫిరంగులు పోతపోసే కర్మాగారం నెలకొల్పాడు. నేటి గన్‌ఫౌండ్రీకి ఆ పేరు దానివల్లే వచ్చింది.

1795లో ఖర్దా వద్ద మరాఠాలతో యుద్ధం జరిగినప్పుడు ఆంగ్లేయులు నిజాంకు సాయం రాలేదు. అదే సంవత్సరం నిజాం కుమారుడు అలీజాహ్ తిరుగుబాటు చేస్తే రేమండే అణచివేశాడు. సహజంగానే నిజాం ఆయన్నే నమ్ముకున్నాడు. ఆంగ్లేయులకు కంటగింపైంది కూడా ఈ నమ్మకమే.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. విషప్రయోగమన్న వదంతి అప్పుడే పుట్టింది, ఋజువు మాత్రం లేదు. ఆ సెప్టెంబరులోనే కంపెనీ నిజాంతో సంధి కుదుర్చుకుంది. ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి, దాని స్థానంలో 6,000 మంది కంపెనీ సిపాయిలు ఉంటారు, వారి ఖర్చుకు నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి. అక్టోబరు 22న కంపెనీ బలగాలు ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టాయి. జీతాలు అందని సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. రక్తపాతం లేకుండానే వేలాదిమంది ఆయుధాలు దించేశారు.

ఈ పద్ధతిని మనం కాస్త నిదానంగా పరిశీలించాలి. కంపెనీ హైదరాబాదును కత్తితో గెలవలేదు. కాపలా సైన్యాన్ని ఇచ్చి, దాని జీతం మనచేతే కట్టించింది. 1800లో మరో సంధి చేసుకుని, నగదుకు బదులు భూమే తీసుకుంది. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన కడప, బళ్లారి ప్రాంతాలు అలా చేజారాయి. ఇతర రాజ్యాలతో కంపెనీకి తెలియకుండా వ్యవహారం జరపరాదన్న షరతు కూడా అందులోనే ఉంది. 1853లో సైనిక ఖర్చుల బాకీ కింద బీరార్ కూడా కంపెనీ పాలనలోకి వెళ్ళింది. నిజాం మాత్రం గద్దె మీదే ఉన్నాడు!

రేమండ్ సమాధి మూసారాంబాగ్ దగ్గర అస్మాన్‌గఢ్ గుట్టమీద ఉంది. చాలాకాలం ఆయన వర్ధంతినాడు అక్కడ దీపాలు పెట్టేవారు. సమాధుల వద్ద దీపాలు మన ధర్మం సమ్మతించేవి కావు. అయినా ఆ సేనానిపై జనానికున్న అభిమానం ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. 2001లో వర్షాలకు అక్కడి స్తంభాల మండపం కూలిపోగా, తర్వాత మళ్ళీ నిర్మించారు.