థియోడర్ ఎషెరిష్

జర్మనీ దేశమున బవేరియా రాష్ట్రమందు ఆన్స్‌బాక్ అను పట్టణము కలదు. 1857వ సంవత్సరము నవంబరు 29వ తేదీన థియోడర్ ఎషెరిష్ అచ్చట జన్మించెను. తండ్రి ఫెర్డినాండ్ వైద్యుడు. రోగులను చూచుటయే కాక జననమరణముల లెక్కలను కూర్చి పరిశీలించుటయందును ఆయనకు ఆసక్తి మెండు. బాలునకు ఐదేండ్ల ప్రాయమున తల్లి గతించెను. తరువాత అతడు ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్క్ పట్టణమున జెసూటు మతగురువులు నడపు పాఠశాలలో చదివెను. పిమ్మట పలు విశ్వవిద్యాలయములందు వైద్యవిద్య నభ్యసించి 1881లో పట్టభద్రుడయ్యెను.

ఆ దినములలో పసిబిడ్డల బ్రతుకు గాలిలో పెట్టిన దీపమువలె నుండెను. బవేరియాలోని కొన్ని ప్రాంతములందు పుట్టిన ముగ్గురు శిశువులలో సుమారొకరు ఏడాది నిండకయే కన్నుమూయుచుండిరి. వేసవి వచ్చినదన్న చాలు, వాంతులును విరేచనములును ఇంటింటిని పీడించుచుండెను. బిడ్డ శరీరములోని నీరును లవణములును వెడలిపోవును. కన్నులు గుంటలు పడును, నాలుక పిడచకట్టును, తుదకు ఏడ్చుటకైనను శక్తి యుండదు. ఉదయమున ఆడుకొనిన బిడ్డ రెండుమూడు దినములలో లేకుండ పోవుట తల్లులకు క్రొత్త సంగతి కాకుండెను. అందును చనుబాలు లేక సీసాతో ఆవుపాలు త్రాగు బిడ్డలే ఎక్కువగా మరణించుచుండిరి. పండ్లు మొలచుటవలన ఈ రోగము వచ్చునని కొందరును, ఎండవేడిమివలన వచ్చునని కొందరును చెప్పుచుండిరి. నిజమైన కారణ మెవరికిని తెలియదు.

1884లో ఇటలీలోని నేపుల్సు నగరమున కలరా ప్రబలెను. దానిని పరిశీలించుటకు బవేరియానుండి పోయినవారిలో ఎషెరిష్ ఒకడు. ఆ సంవత్సరారంభముననే రాబర్ట్ కోచ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మన కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసి చూపియుండెను. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క క్రిమి కారణమను భావము వైద్యలోకమును ఊపివేయుచున్న కాలమది. అట్లయినచో పసిబిడ్డలను చంపు అతిసారమునకు కారణమైన క్రిమి ఏది? ఈ ప్రశ్న ఎషెరిష్‌ను మ్యూనిక్ నగరమందలి ప్రయోగశాలకు చేర్చెను.

రోగకారణమును వెదకువారు సామాన్యముగా రోగి పడకయొద్దనే మొదలుపెట్టుదురు. ఎషెరిష్ త్రోవ వేరు. బిడ్డ ప్రేగులలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవు. ఇంటివారెవరో తెలియనివాడు దొంగను పట్టుట యెట్లు? కావున ముందుగా ఆరోగ్యముగానున్న శిశువులనే పరీక్షింప నిశ్చయించుకొనెను. శిశువుల మలమును ముందిడుకొని ప్రొద్దస్తమానము కూర్చుండుట పలువురకు రోతగా తోచును. ఆయన కట్లు తోచలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ విసర్జించు నల్లని మలములో సూక్ష్మజీవులు లేవనియు, కొలది గంటలలోనే అవి ప్రవేశించుననియు, పాలు త్రాగ మొదలిడగానే వాని తీరు మారుననియు ఆయన కనుగొనెను. ఒక్కొక్క రకమును వేరుచేసి పెంచి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచెను. వానిలో పొట్టికడ్డీవంటి జీవి యొకటి పెద్దప్రేగునందు విరివిగా కనబడెను. 1885లో దానిని వర్ణించుచు ‘బాక్టీరియం కోలి కమ్యూనె’ అని పేరుపెట్టెను. మరుసటి సంవత్సరము శిశువుల ప్రేగులందలి బాక్టీరియాను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము వెలువడి మిక్కిలి కీర్తి తెచ్చెను.

గ్రంథము వచ్చినది గాని దొంగ దొరకలేదు. ఆయన కనుగొనిన జీవి ఆరోగ్యవంతులలోను రోగులలోను సమానముగనే యుండెను. అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రోగకారణము తెలియకున్నను, చనుబాలు త్రాగు బిడ్డలు బ్రతుకుచున్నారను సంగతి కన్నులయెదుటనే యున్నది గదా! 1890లో గ్రాట్స్ నగరమునకు, 1902లో వియన్నాకు శిశువైద్యాచార్యుడుగా పోయి, తల్లులు తమ పాలే బిడ్డలకీయవలెనని పట్టుదలతో బోధించెను. 1903లో వియన్నాలో శిశురక్షణకై యొక సంఘమును స్థాపించెను.

ఇంతమంది బిడ్డలకై పాటుపడిన ఆయన ఇంట దుఃఖము తప్పలేదు. వియన్నా చేరిన కొలదికాలమునకే పదేండ్ల కుమారుడు లియో ఉండుకపు వాపుతో మరణించెను. అదియును ప్రేగునకు సంబంధించిన వ్యాధియే. ప్రేగుల సంగతి ఆయనకంటె నెరిగిన వైద్యులు ఆనాడు అరుదు. 1911వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున, ఎషెరిష్ వియన్నాలో పక్షవాతమున మరణించెను.

ఆయన కనుగొనిన జీవికి 1919లో ‘ఎషెరిషియా కోలి’ యని నామకరణము చేసిరి. నేడు ప్రయోగశాలలలో ‘ఇ. కోలి’ పేరెరుగనివారు లేరు. అందలి కొన్ని జాతులు శిశువులకు విరేచనములు కలిగించునని 1945లో లండనులో జాన్ బ్రే చూపెను. ఇంటివారి చుట్టములలోనే కొందరు దొంగలుండిరన్నమాట.

కాని పెద్దదొంగ ఇంకొకటి. అది వైరసు. ఇ. కోలి పొడవులో అది ముప్పదవవంతైనను ఉండునో లేదో! ఎషెరిష్ చేతనున్న సూక్ష్మదర్శినిలో అది కనబడుట అసంభవము. దానిని చూపగల ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని 1931లోగాని పుట్టలేదు. 1973లో ఆస్ట్రేలియా దేశమందలి మెల్‌బోర్న్ నగరమున రూత్ బిషప్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును, విరేచనములతో బాధపడు బిడ్డల చిన్నప్రేగులోని పొరను ఆ సాధనముతో పరీక్షించి బండిచక్రమువంటి కణములను చూచిరి. దానికే రోటావైరసు అని పేరు. నీటిని, ఆహారమును పీల్చుకొను ఆంత్రచూషకముల కొనలను అది పాడుచేయును. అప్పుడు త్రాగిన నీరు ఒంటబట్టదు.

దీనికి మందు వెదకుటలో ఎషెరిష్ త్రోవయే మరల కనబడినది. 1980 తరువాతి సంవత్సరములలో ఢిల్లీలో మహారాజ్ కిషన్ భాన్ అను శిశువైద్యుడును ఆయన సహచరులును, ఏ జబ్బును లేని పురిటిబిడ్డల మలములో ఒక రోటావైరసును కనుగొనిరి. అది సోకిన బిడ్డలకు తరువాత తీవ్రమైన విరేచనములు కలుగుట తగ్గెను. ఆ వైరసునుండియే హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ టీకామందును తయారుచేసెను. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రములందు దీనిని శిశువులకు ఉచితముగా నిచ్చుట ఆరంభమయ్యెను. దీనికి సూదిపోటు లేదు. ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున, మారునకు ఐదు చుక్కల చొప్పున బిడ్డ నోటిలో వేయుదురు.