కొలిమి బడిలో జేమ్స్ నాస్మిత్

స్కాట్లండు రాజధాని యగు ఎడింబరో నగరమున, హైస్కూలు పిల్లల జేబులలో 1820కి కొంచెము ముందు ఒక చిత్రమైన ఆటవస్తువు కనిపించుచుండెను. నేలమాళిగల తలుపులకు వాడు పెద్ద తాళపుచెవి కాడ గొట్టమువలె బోలుగా నుండును. దానికి సన్నని రంధ్రము తొలిచి, అటునిటు జరుగు ఇత్తడి పట్టీ నొకదానిని తొడిగినచో అది చేతిఫిరంగి యగును. మందు కూరి, పట్టీతో రంధ్రము మూసి, కావలసినప్పుడు పేల్చవచ్చును. వీనిని చేసి తోటివారికి ఇచ్చుచు, బదులుగా తనకు నచ్చిన వస్తువులను పుచ్చుకొనుచుండిన బాలుడు జేమ్స్ నాస్మిత్. బొంగరములు కూడ అతడే లేతు యంత్రముపై తీర్చి ఇచ్చెడివాడు. లాటిన్ పాఠములలో అతనికి పేరు రాలేదు. ఆటస్థలమున మాత్రము అతనిని మించినవాడు లేడు. ఆ ఫిరంగిని చూచినచో నేటి ఉపాధ్యాయు డెవనికైనను గుండె ఝల్లుమనును. పోతశాలలలో కరిగిన ఇనుము మీదపడి కార్మికులు మాడిపోకుండ ఉపాయము కనిపెట్టినవాడు ఈ అల్లరి బాలుడే.

జేమ్స్ 1808 ఆగస్టు 19వ తేదీన జన్మించెను. తండ్రి అలెగ్జాండర్ నాస్మిత్ చిత్రకారుడు. రాబర్ట్ బర్న్స్ మహాకవి రూపము నేటికిని లోకమునకు తెలియుట ఆయన కుంచె పుణ్యమే. అయితే ఆ ఇంట కుంచెతోపాటు ఆకురాయియు, లేతు యంత్రమును ఉండెను. తీరిక వేళలలో తండ్రి ఆ పనిగదిలో యంత్రముల నమూనాలు చేయుచుండగా కుమారుడు ప్రక్కన నిలిచి చూచెడివాడు. చూచుట, పట్టుకొనుట, చేయుట అను వరుసలో అతని విద్య సాగెను.

పండ్రెండవ యేట హైస్కూలు విడిచిన పిమ్మట అతనికి అసలు బడి దొరకెను. ప్యాటర్సన్ అను సహపాఠి తండ్రికి ఇనుప పోతశాల ఒకటి గలదు. శనివారము మధ్యాహ్నములందు జేమ్స్ అచ్చటికి పోయి, అచ్చులు కట్టుట, ఇనుమును ఇత్తడిని పోతపోయుట, కొలిమిపని, లేతుపని ఒక్కొక్కటిగా నేర్చుకొనెను. అచ్చట గురుపీఠము లేదు. పనివారి ప్రక్కన నిలుచుటయే పాఠము. పోతపనిలో తొలుత నేర్వవలసినది ఇసుక తడిని అరచేతితో గుర్తించుట. తడి తక్కువైన అచ్చు నిలువదు. తడి ఎక్కువైనచో కరిగిన లోహము సోకగానే నీరు ఆవిరియై, బయటికి దారి లేక, లోహమును చిమ్మివేయును. నల్లబల్లమీద ఎంత వ్రాసినను ఈ సంగతి పిల్లవాని వ్రేళ్లకు తెలియదు.

టామ్ స్మిత్ అను మరియొక మిత్రుని తండ్రికి రసాయనశాల యుండెను. ఆయన పెట్టిన నియమము గమనింపదగినది. పిల్లలు ప్రయోగములకు కావలసిన ఆమ్లములను అంగడిలో కొనరాదు, తామే తయారు చేసికొనవలెను. ఎట్లు పుట్టినదో తెలియని వస్తువుతో పిల్లవాడు ఆటలాడును. తాను చేసిన ఆమ్లపు కాటు ఎట్టిదో ఎరిగినవాడు సీసాను జాగ్రత్తగా పట్టుకొనును. నాస్మిత్ వృద్ధాప్యమున కూడ ఈ పద్ధతిని మెచ్చుకొనుచుండెను.

కొంత పెద్దవాడైన పిదప తన పడకగదినే ఇత్తడి పోతశాలగా మార్చెను. క్రింది గదిలో తండ్రి నిద్రించుచుండెడివాడు. ఇసుకను దిమ్మిసతో కొట్టునప్పుడు చప్పుడు కాకుండ నేలపై దళసరి చాప పరచుకొని, రాత్రివేళ మూస నెక్కించి ఇత్తడి కరగించెడివాడు. సాహసము మెచ్చదగినదే గాని, ఇంటిలోనివారందరు నిద్రించువేళ పైగదిలో కరిగిన ఇత్తడి నుంచుకొనుట ఏ విద్యార్థికిని అనుసరణీయము కాదు. ఆ గదిలో పుట్టిన ఆవిరియంత్రపు నమూనాలను పది పౌనులకు ఒకటి చొప్పున అమ్మి, ఆ సొమ్ముతో విశ్వవిద్యాలయములో ఉపన్యాసములు వినెను.

1829లో నాస్మిత్ తండ్రితో లండను వెళ్లి, ఆ కాలపు యంత్రనిర్మాతలలో అగ్రగణ్యుడగు హెన్రీ మాడ్స్‌లేని దర్శించెను. డబ్బు కట్టి చేరిన శిష్యులతో విసిగిన మాడ్స్‌లే ఇక ఎవరిని చేర్చుకొననని చెప్పివేసెను. శాల చూచి మరలుచుండగా పొయ్యిలోని బూడిద తీయుచున్న కూలివాడు కనబడెను. ఆ పని దొరికినను చాలునని యువకు డనగా వృద్ధుని మనస్సు కరగెను. మరునాడు అతడు తెచ్చిన నమూనాను, చిత్రములను పరీక్షించి, ఇతనికి శిష్యరికమే అక్కర లేదని తన సొంత పనిగదిలో సహాయకునిగా నియమించుకొనెను. జీతము వారమునకు పది షిల్లింగులు. దీపముమీద ఉడుకు చిన్న వంటపాత్రను తానే చేసికొని, తండ్రికి భారము కాకుండ దానితోనే జీవించెను. జీతము పదునైదు షిల్లింగులైన తరువాతనే రొట్టెకు వెన్న రాచుకొనెనట!

ఆకురాయి పట్టు, సమతలము తీర్చు విధము, అన్నిటికిని మించి మూలలను గూర్చిన పాఠము మాడ్స్‌లేవద్ద నేర్చెను. లోహపు పనిముట్టులో లోపలి మూల వాడిగా నున్నచో విరుగుడు అచ్చటనే మొదలగును; దానిని గుండ్రముగా తీర్చినచో బలము చెదరదు. 1831లో గురువు మరణించెను.

చేతికి తొడుగులు వేసికొని యంత్రశాలకు వచ్చు యువకులన్న నాస్మిత్‌కు జీవితాంతము చిరాకు. వ్రేళ్లద్వారా రాని జ్ఞానము జ్ఞానము కాదని ఆయన మతము. ఇది సగము సత్యము. తిరుగు లేతు యంత్రమువద్ద చేతితొడుగు చేతిని లోనికి లాగివేయగలదు గనుక నేడును దానిని వేసికొనరాదు. కాని ఎర్రగా కాలిన ఇనుమువద్ద రక్షణ లేకుండుట వీరత్వము కాదు.

1834లో మాంచెస్టరు చేరి, ఒక మేడపై కర్మశాల పెట్టెను. ఒకనాడు యంత్రపు దూలము నేలను చీల్చుకొని క్రింది అంతస్తులోని గాజుపనివాని సరకుపై పడెను. అంతట పాట్రిక్రాఫ్ట్‌లో ఆరెకరముల స్థలము తీసికొని 1836లో బ్రిడ్జివాటర్ పోతశాలను నెలకొల్పెను.

అచ్చట 1838లో చేసినపనియే ఉపాధ్యాయులు పిల్లలకు ముందుగా చెప్పవలసినది. పోతశాలలో కరిగిన ఇనుమును లాడిల్ అను పెద్ద బొక్కెనలో పట్టి, క్రేనుతో అచ్చువద్దకు తెచ్చెదరు. టన్నులకొలది బరువుగల ఆ బొక్కెనను అనేకమంది పొడుగాటి పిడులు పట్టుకొని వంచవలసి యుండెను. ముఖములు మండుచుండును, ఒకడు తడబడినను అందరి పట్టు తప్పును. నిప్పుల ప్రవాహము కాళ్లపై పొర్లిన సందర్భములు పలుమారు జరిగెను. నాస్మిత్ బొక్కెన ఇరుసునకు పండ్లచక్రము నమర్చి, దానికి మరచుట్లుగల కడ్డీని జతపరచెను. కడ్డీని త్రిప్పిన చక్రము కదలును; చక్రమునకు కడ్డీని త్రిప్పు శక్తి లేదు. అందుచే చేయి వదలినను బొక్కెన ఉన్నచోటనే నిలిచిపోవును. పదిమంది ప్రాణభయముతో చేయుపనిని ఒక్కడు నిబ్బరముగా చేయగలిగెను. లోహముపై తేలు చిట్టెము అచ్చులో పడకుండ అడ్డుపలక కూడ పెట్టెను. పనివానికి హెచ్చరికలు చేయుటకంటె పనిముట్టునే మార్చుట ఇందలి గొప్పతనము. దీనికి ఆయన పేటెంటు తీసికొనలేదు. చిత్రపటములను ఇతర పోతశాలలకు పంపెను. స్కాట్లండులోని కళాసంఘము వెండి పతకము నొసగెను.

లోక మాయనను ఆవిరి సమ్మెటతోనే గుర్తుంచుకొన్నది. గ్రేట్ బ్రిటన్ అను ఓడ ఇరుసుకొరకు 1839 నవంబరు 24న దాని చిత్రము గీచెను. తొలుత దానిని నిర్మించినవారు ఫ్రాన్సులోని లే క్రూసో కర్మాగారమువారు. 1842లో అచ్చట దానిని చూచివచ్చి పేటెంటు పొందెను. బరువైన ఇరుసులను సాగగొట్టు ఆ సమ్మెట, గ్లాసులోని గ్రుడ్డు పెంకును మాత్రమే పగులగొట్టునంత మృదువుగ కూడ దిగెడిది. కాని కార్మిక సంఘములతో ఆయనకు పొసగలేదు. నేర్పరుల స్థానమున స్వయంచాలక యంత్రములను, వానిని కనిపెట్టియుండు కుర్రవాండ్రను పెట్టుట లాభమని బహిరంగముగా వాదించెను. పోతపనివాని కాళ్లను కాపాడినవాడే నేర్పరి కార్మికుని కూలికి ఎసరు పెట్టెనని అనినవారి మాటను త్రోసిపుచ్చలేము.

1856లో, నలుబదియెనిమిదవ యేట, వ్యాపారము విడిచి కెంటు మండలమున స్థిరపడెను. తానే చేసిన దూరదర్శినితో చంద్రుని పరిశీలించి, కొండలను గుంటలను ప్లాస్టరుతో మలచి, ఎండలో ఉంచి ఛాయాచిత్రములు తీసెను. జేమ్స్ కార్పెంటర్‌తో కలిసి 1874లో ప్రకటించిన చంద్రగ్రంథమున ఆ చిత్రములున్నవి. వానిసరసనే ముడుతలుపడిన చేతి చిత్రమొకటి, వడలిన ఆపిలుపండు చిత్రమొకటి గలవు. చంద్రతలమున కొండలు ముడుతలవలె ఏర్పడెనని చూపుట కవి ఉదాహరణములు. 1890 మే 7న లండనులో మరణించిన నాస్మిత్‌ను ఎడింబరోకు తెచ్చి డీన్ శ్మశానవాటికలో ఖననము చేసిరి.