ప్రార్థన కొండ ఎక్కిన జ్యూయెట్ దొరగారు



చంద్రపూర్, బల్లార్షాలలో స్థిరపడిన మన బాప్టిస్టు కుటుంబాలలో క్లౌ దొరగారి పేరు వినని ఇల్లుండదు. ఆయనకు ముందే ఒంగోలు కొండ ఎక్కిన లైమన్ జ్యూయెట్ దొరగారిని మాత్రం మనం అంతగా తలచుకోము.

1813లో అమెరికాలో జన్మించిన జ్యూయెట్ గారు 1849లో నెల్లూరు చేరారు. అప్పటికి తెలుగు మిషనులో విశ్వాసులు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ పనిని మూసివేద్దామా అని చర్చించారు కూడా.

1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూయెట్ గారు, ఆయన సతీమణి, నరసు, జూలియా, రూతు ఆ కొండ ఎక్కారు. ఐదుగురే! మన మాణిక్‌గఢ్ కోట ఎక్కినవారికి అది పెద్ద ఎత్తేమీ కాదు. పైన మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని ఒక్కొక్కరుగా ప్రార్థించారు. ఆ సేవకుడు ఒంగోలులో అడుగుపెట్టి కాపురముండడానికి పన్నెండేళ్లు పట్టింది.

అసలు కష్టమైన ఎక్కుడు అమెరికాలో ఎదురైంది. 1862లో ఆయన స్వదేశంలో ఉండగా మూసివేత మాట మళ్లీ వచ్చింది. ఎవరు పంపకపోయినా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే ప్రాణం విడుస్తానని ఆయన తెగేసి చెప్పారు. పెద్దలు మెత్తబడ్డారు. 1865లో తిరిగి వచ్చినప్పుడు వెంట క్లౌ గారున్నారు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

తెలుగు బైబిలు సవరణలోనూ శ్రమించిన జ్యూయెట్ గారు, కోరుకున్నట్టు తెలుగు నేలమీద కాక, 1897లో అమెరికాలోనే ప్రభువునందు నిద్రించారు. ఒంగోలువారు నేటికీ దానిని ప్రార్థన కొండ అనే పిలుస్తారు.