తుగ్లకు కొలువు

ఆఫీసులో ఉదయము ఒక ఆర్డరు, సాయంకాలము దానిని రద్దుచేస్తూ మరొక ఆర్డరు వచ్చినప్పుడు మనవాళ్ళు తుగ్లకు పాలన అంటారు. ఏ ఊరిలో ఉద్యోగము చేస్తున్నా, ఏ భాషవారి నడుమ కాపురమున్నా ఈ మాట అందరికీ అర్థమవుతుంది. చనిపోయి ఆరువందల డెబ్బది యేండ్లు దాటినా ఆ సుల్తాను పేరు మన నోళ్ళలో ఇంకా నానుతూనే యున్నది. అయితే మహమ్మద్ బిన్ తుగ్లకును పిచ్చివాడని కొట్టివేయుట న్యాయము కాదు. ఢిల్లీ సింహాసన మెక్కినవారిలో అంతటి విద్వాంసుడు అరుదు. తర్కము, తత్త్వశాస్త్రము, వైద్యము చదివినవాడు. అందమైన దస్తూరి కలవాడు. ఇతర మతముల పండితులను పిలిచి గౌరవించినాడు. హిందువులకు పెద్ద ఉద్యోగము లిచ్చినాడు. ఆయనకు లేనిది ఒక్కటే: కోపము మీద అదుపు. ఆ కోపమునకు బలియైనవారిలో కాజీలు, సూఫీలు, ఆయన బంధువులే యెందరో కలరు కనుక దీనిని మతముల తగాదాగా చూడనక్కరలేదు.

ఆయన చిన్ననాటి పేరు జూనాఖాన్. తండ్రి గియాసుద్దీన్ 1320లో సుల్తాను కాగానే ఉలూగ్‌ఖాన్ అను బిరుదు వచ్చినది. మన ఓరుగల్లు మీదికి రెండుసార్లు వచ్చినవాడు ఈ ఉలూగ్‌ఖానే. మొదటి ముట్టడి భంగమైన తీరు వినదగినది. ఢిల్లీనుంచి టపా రావటము ఆగిపోయినది. సుల్తాను చనిపోయినాడని పుకారు పుట్టినది. దానికి తోడు, యువరాజు మీ తలలు తీయించబోతున్నాడని ఎవరో అమీరుల చెవిలో వేసినారు. వారు నమ్మినారు! రాత్రికి రాత్రి ఎవరి బలగముతో వారు లేచిపోయినారు. యువరాజు దేవగిరికి తిరుగుముఖము పట్టవలసి వచ్చినది. ఆ మాట అబద్ధమే కావచ్చును గాని, అంత తేలికగా నమ్మబుద్ధి యగుటకు కారణ మేదో ఉండవలెను గదా.

1323లో రెండవ దండయాత్రలో ఓరుగల్లు పడిపోయినది. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తీసుకొనిపోవుచుండగా, నర్మదా తీరమున ఆయన ప్రాణము విడిచినట్లు విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ యుద్ధములో చిక్కిన మనవాడొకడు ఢిల్లీ చేరి, మతము మారి, మాలిక్ మక్బూల్ అయినాడు. మారన కవి మార్కండేయ పురాణమును అంకితమందిన గన్నసేనాని ఇతడే యని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఇతని సంగతి మరల వచ్చును.

1325లో తండ్రి మీద కొయ్య మంటపము కూలి చనిపోగా, కొడుకు గద్దె నెక్కినాడు. 1334 ప్రాంతమున ఢిల్లీ వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఆ కొలువును కన్నులార చూచి వ్రాసినాడు. ఆ రాజద్వారము దగ్గర ప్రతిదినము ఎవడో ఒక బీదవాడు ధనవంతు డగుచుండెను. ఎవడో ఒకని తల తెగుచుండెను. ఉదయము శాలువా అందుకొన్నవానికి సాయంకాలము ఏమగునో తెలియదు. నిత్యము కోపముగా నుండు యజమానితో ఎట్లో సర్దుకొనవచ్చును. ఒకరోజు వరహాలు, ఒకరోజు కత్తి అయినచో మనిషికి నిద్ర యెక్కడిది?

రాజధానిని దేవగిరికి మార్చిన కథ అందరూ ఎరిగినదే. మన సంఘములోని కుటుంబములలో చాలమంది ఆ దౌలతాబాదు కోట చూచియే యుందురు. కొండచుట్టు లోతుగా తొలిచిన కందకము, లోపల చీకటిదారి. ఆలోచన చెడ్డది కాదు. రాజ్యము దక్షిణమునకు పెరిగినది. దానికి నడుమ రాజధాని కావలెననుట సబబే. వెయ్యి కిలోమీటర్లకు మించిన ఆ దారి పొడవునా చెట్లు నాటించి, విడుదులు కట్టించినాడు. కాని 1327లో ఆ పని జరిగిన పద్ధతి వేరు. ఢిల్లీవాసులు తనను తిట్టుతూ ఆకాశరామన్న ఉత్తరములు వ్రాసి రాత్రివేళ కొలువుకూటములో పడవేయుచున్నారని సుల్తానుకు మండిపోయి, ఊరే ఖాళీ చేయించినాడని బతూతా విన్నాడు. పిల్లి, కుక్క కూడ మిగలలేదని బరనీ వ్రాసినది అతిశయోక్తియే. ఆ 1327, 1328 సంవత్సరముల సంస్కృత శాసనములు ఢిల్లీ ప్రాంతమున దొరికినవి. ఊరు పూర్తిగా పాడుపడలేదు. కదలిపోయినవారు ముఖ్యముగా అమీరులు, పండితులు, సూఫీలు, వారిని ఆశ్రయించుకొన్న జనము. పొట్టకూటికై తమంతట తాము ఊరు విడిచినవారికే పుట్టినచోటు మీద బెంగ ఎట్టిదో మనకు తెలియనిది కాదు. వారిది అదియును కాదు, హుకుము. దారిలో ఎందరో రాలిపోయినారు. కొన్నేండ్లకు, ఇష్టమైనవారు తిరిగి పోవచ్చునని మరొక హుకుము వచ్చినది.

రాగి నాణెముల సంగతి క్లుప్తముగా చెప్పుకొన్న చాలును. వెండి టంకమునకు బదులు రాగి, ఇత్తడి నాణెములు చెల్లవలెనన్నాడు. చైనాలో కాగితపు డబ్బే నడిచినది గనుక ఊహ వింతది కాదు. దొంగనాణెములు తయారు కాకుండ కట్టుదిట్టము మాత్రము లేకపోయినది. చివరకు ఖజానా తెరచి, తెచ్చినవారందరికీ వెండి ఇచ్చినాడు. అంత నష్టమునకు ఓర్చుకొనగలిగినవాడు ఒక్క ఎదురుమాటకు ఓర్చుకొనలేకపోయినాడు. తిరుగబడిన మేనత్త కొడుకు గుర్షాస్పును పట్టితెప్పించి బ్రతికియుండగనే చర్మ మొలిపించినాడు. నీ కొలువు చేయనన్న సూఫీ షిహాబుద్దీనును చంపించినాడు. ఆ సూఫీని చూచివచ్చిన పాపమునకు బతూతాకు నలుగురు బంట్లను కాపలా పెట్టినాడు. కాజీ పదవిలో నున్న ఆ మనిషి ఉపవాసములతో ప్రాణము లరచేత పెట్టుకొని గడిపి, బయటపడగానే ఆస్తియంతయు దానము చేసి ఫకీరు వేషము వేసినాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బరనీ సంగతి. జియావుద్దీన్ బరనీ పదిహేడేండ్లకు పైగా సుల్తానుకు ఆంతరంగికుడు. రోజూ పక్కన కూర్చుండి ముచ్చటలు చెప్పినవాడు. జరుగుచున్న దంతయు తప్పని ఆయనకు తెలుసు. పెదవి విప్పలేదు. అన్నము పోవునని, ప్రాణము పోవునని భయము. ముసలితనములో, పేదరికములో చరిత్ర వ్రాస్తూ ఆ మౌనమునకు తన్ను తానే తిట్టుకొన్నాడు. అంతటి తెలివిగల ప్రభువు పక్కన ఇది పొరపాటు అని చెప్పువాడు ఒక్కడు లేకపోవుటకు కారణము ఆ ప్రభువు కోపమే.

సుల్తానుకు తన కోపము తెలియదా? తెలిసినట్లే యున్నది. కారణము లేకుండ నన్ను కొట్టినాడని ఒక పిల్లవాడు ఆయనమీద ఫిర్యాదు చేసినాడు. కాజీ తీర్పు పిల్లవాని పక్షమున వచ్చినది. సుల్తాను వాని చేతికి కర్ర యిచ్చి, తాను కొట్టినట్లే కొట్టుమన్నాడు. వాడు ఇరువదియొక్క దెబ్బలు కొట్టగా, తలపాగా జారిపడుట తాను చూచితినని బతూతా వ్రాసినాడు. గొప్ప సంగతియే. కాని ద్వారము దగ్గర తల తెగినవారు లేచివచ్చి కర్ర పట్టలేరు గదా.

1335 ప్రాంతమున మధుర తిరుగబడగా సైన్యముతో బయలుదేరి ఓరుగల్లు చేరినాడు. అక్కడ మహమ్మారి సోకి దండు సగము నేలకూలినది. తానును జబ్బుపడి వెనుదిరిగినాడు. దారిలో ఊడబీకించుకొన్న పంటిని బీడు దగ్గర పాతిపెట్టించి, దానిపై గోరీ కట్టించినాడని ఫెరిష్తా వ్రాత! కొద్దికాలములోనే ఓరుగల్లులో కాపలాయున్న మక్బూలును కాపయనాయకుడు తరిమివేసినాడు. మధుర పోయినది, విజయనగరము వెలసినది.

పైవాని కోపము క్రిందివారికి పాఠమగును. మాళవమునకు అధికారిగా పోయిన అజీజ్ ఖమ్మార్ ఎనభైమందికి పైగా అమీరులను ఒక్కసారిగా చంపించినాడు. ప్రభువు మెచ్చి గౌరవ దుస్తులు పంపినాడు. ఆ వార్తతో గుజరాతులోను, దక్కనులోను ఉన్న అమీరులందరు రేపు మనవంతు అనుకొని కత్తులు దూసినారు. ఏ దౌలతాబాదు కొరకు ఢిల్లీని ఏడిపించినాడో, ఆ దౌలతాబాదులోనే 1347లో బహమనీ రాజ్యము పుట్టినది. ఆ దినములలో బరనీని పిలిచి రాజ్యమునకు పట్టిన రోగమునకు మందేమని అడిగినాడు. బరనీ పాత రాజుల కథలు చెప్పి, శిక్షలు మితముగా నుండవలెనని నెమ్మదిగా సూచించినాడు. జనము బాగుపడువరకో, తాను చచ్చువరకో శిక్షించుట మాననన్నాడు సుల్తాను. ఒక తిరుగుబాటుదారుని తరుముతూ సింధులో తట్టా దగ్గర 1351 మార్చి 20న జ్వరముతో చనిపోయినాడు.

తరువాత గద్దెనెక్కిన పినతండ్రి కొడుకు ఫిరోజు చదువులో ఆయనకు సరి గాడు. అయినను మన తెలుగు మక్బూలుకు ఖాన్-ఇ-జహాన్ బిరుదమిచ్చి, వజీరు చేసి, రాజ్యము చాలవరకు అతని చేతిలో పెట్టినాడు; అతని ఎనిమిది పలకల సమాధిని నేటికిని ఢిల్లీలో నిజాముద్దీన్ పేటలో చూడవచ్చును. ఫిరోజు మరొక పని కూడ చేసినాడు. అన్న చంపించినవారి వారసులను, ఆయన హయాములో కన్నో, ముక్కో, చేయో, కాలో పోగొట్టుకొన్నవారిని వెదకించి, ధనమిచ్చి తృప్తిపరచి, క్షమించితిమని వారిచేత కాగితములు వ్రాయించి, సాక్షి సంతకములు పెట్టించినాడు. ఆ కాగితములన్నియు ఒక పెట్టెలో పెట్టి, అన్న సమాధి తలవైపు ఉంచినాడు.