మట్టి బుట్టలో భూగోళం

భూగోళ పాఠమంటే నదుల పేర్లు, రాజధానుల పట్టికలు వల్లె వేయడమేనని రెండు వందల ఏళ్ళ క్రితం యూరప్‌లోని చాలా బడులలో భావించేవారు. అప్పజెప్పలేని పిల్లవానికి బెత్తం దెబ్బలు తప్పేవి కావు. ఈ పద్ధతిని మార్చడానికి జీవితాన్ని ధారపోసిన విద్యావేత్త యోహాన్ హైన్రిహ్ పెస్టలోజ్జి.

ఆయన 1746 జనవరి 12న స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో జన్మించారు. ఐదేళ్ళ వయస్సులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి ఎన్నో కష్టాలకోర్చి పిల్లలను పెంచింది. తాతగారు సమీప గ్రామంలో మతాచార్యులు. ఆయన వెంట పేదల ఇళ్ళకు వెళ్ళిన పెస్టలోజ్జి వారి దుస్థితిని కళ్ళారా చూశారు. ఆ దృశ్యాలు ఆయన మనస్సులో చెరగని ముద్ర వేశాయి.

యౌవనంలో ఆయన న్యూహోఫ్ అనే చోట వ్యవసాయం ప్రారంభించారు. అది కలిసిరాలేదు. అయినా నిరాశ చెందక, పేదపిల్లలను అక్కడికే చేర్చుకొని, నూలు వడకడం నేర్పుతూ చదువు చెప్పారు. భార్య అన్నా తెచ్చిన సొమ్ము కూడా దానికే ఖర్చయింది. చివరకు 1780లో ఆ బడి మూతపడింది.

1798లో ఫ్రెంచి సైన్యం దాడివల్ల స్టాన్స్ ప్రాంతంలో ఎందరో పిల్లలు అనాథలయ్యారు. మరుసటి ఏడు పెస్టలోజ్జి సుమారు 80 మందిని చేరదీసి, తల్లీ తండ్రీ గురువూ తానే అయ్యారు. కొద్ది నెలలకే సైన్యం ఆ భవనాన్ని ఆసుపత్రి కోసం తీసుకున్నది. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్ళు. మళ్ళీ మొదటినుండి పని ప్రారంభించడానికి ఆయన వెనుదీయలేదు.

బుర్గ్‌డోర్ఫ్‌లో కొంతకాలం బడి నడిపిన తరువాత, 1805లో ఇవెర్డాన్ పట్టణంలోని పాత కోటలో ఆయన విద్యాలయం వెలసింది. అక్కడ భూగోళ పాఠం పుస్తకంతో మొదలయ్యేది కాదు. ఉపాధ్యాయులు పిల్లలను ఊరికి దగ్గరలో బ్యూరాన్ వాగు ప్రవహించే ఇరుకైన లోయకు తీసుకొని వెళ్ళేవారు. పిల్లలు మొదట లోయనంతా ఒకసారి పరికించేవారు. తరువాత దాని ఎత్తుపల్లాలను, మలుపులను శ్రద్ధగా గమనించేవారు. లోయలోని బంకమట్టిని బుట్టలతో మోసుకొని వచ్చి, పెద్ద బల్లలపై తాము చూసిన లోయకు నమూనా తయారుచేసేవారు. మరునాడు ఇంకొంచెం ఎత్తైన చోటికి ఎక్కి, ఇంకొంత దూరం చూసి వచ్చి, నమూనాను విస్తరింపజేసేవారు. అది పూర్తయిన తరువాతనే వారి ముందు పటం పరిచేవారు. అప్పటికి పటంలోని ప్రతి గీతా వారికి పరిచితమైనదే. కంటితో చూసి, చేతితో చేసి, ఆ పైన పేరు నేర్వడం ఆ విధానంలోని సారం.

1807లో కార్ల్ రిట్టర్ అనే జర్మన్ యువకుడు ఇవెర్డాన్‌కు వచ్చి ఈ బోధనను చూసి ముగ్ధుడయ్యాడు. రిట్టర్ 1820లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర ఆచార్యుడై, ఆధునిక భూగోళశాస్త్ర నిర్మాతలలో ఒకడుగా పేరుపొందాడు. నిజానికి పెస్టలోజ్జికి తెలిసిన భూగోళం చాలా తక్కువ. అయినా తన శాస్త్రపద్ధతికి మూలం ఆయనవద్దనే దొరికిందని రిట్టర్ కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. విషయం ఎంత తెలుసుననేదానికంటే, పిల్లవాడు దానిని ఎలా తెలుసుకుంటాడనే దానిపైనే పెస్టలోజ్జి దృష్టి నిలిపారు.

ఉపాధ్యాయుల మధ్య తగవుల వల్ల, ఆర్థికమైన ఇబ్బందుల వల్ల 1825లో ఆ విద్యాలయం కూడా మూతపడింది. వృద్ధాప్యంలో ఆయన న్యూహోఫ్‌కే తిరిగి వచ్చారు. 1827 ఫిబ్రవరి 17న బ్రుగ్ పట్టణంలో కన్నుమూశారు.

ఆయన నెలకొల్పిన బడులేవీ కలకాలం నిలువలేదు. కాని ఆయన పద్ధతి దేశదేశాలకు వ్యాపించింది. నేడు విద్యార్థులు ఊరి చెరువును చూసి వచ్చి దాని పటం గీసినా, మట్టితో కొండను, లోయను మలిచినా, వారు నడిచేది పెస్టలోజ్జి చూపిన బాటలోనే.