చేతులే కన్నులుగా

వంగ దేశపు చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1904లో కలకత్తా సమీపంలోని బెహలాలో జన్మించారు. చిన్ననాటి నుండే ఆయనకు ఒక కంటికి చూపు లేదు. రెండవ కంటి చూపు అంతంత మాత్రమే. అయినా చిత్రకళపై మక్కువ వీడలేదు. 1919లో శాంతినికేతనంలోని కళాభవనంలో చేరి, నందలాల్ బోస్ శిష్యుడై, తరువాత అక్కడే ఉపాధ్యాయుడయ్యారు. 1947లో అక్కడి హిందీ భవనం గోడలపై శిష్యుల సాయంతో మధ్యయుగ సాధుసంతుల జీవితాలను చిత్రించారు.

1957 నాటికి, కంటి శస్త్రచికిత్స ఫలించక, ఉన్న చూపూ పోయింది. చిత్రకారునికి ఇంతకంటె కష్టమేముంటుంది? కాని ఆయన కుంగిపోలేదు. మళ్ళీ కళాభవనానికి వచ్చి పాఠాలు చెప్పారు. కాగితాలను తడిమి, మడిచి, కత్తిరించి, అతికించి బొమ్మలు కూర్చారు. 1972లో కళాభవనం గోడపై పింగాణీ పలకలతో పెద్ద చిత్రం రూపొందించారు. రూపాలు ఆయన ఊహించినవి. వాటిని గోడకెక్కించడంలో విద్యార్థులు తోడ్పడ్డారు. ఆ ఏడే పూర్వ శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయనపై చలనచిత్రం తీశారు.

భారత ప్రభుత్వం 1974లో ఆయనను పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1980లో ఆయన కన్నుమూశారు. పట్టుదల ఉన్నవారికి పనిచేసే చోటు, తోడు నిలిచే చేతులు దొరికితే వైకల్యం కళకు అడ్డు కాదని ఆయన జీవితం చాటుతున్నది.