సతీష్ ధావన్

సతీష్ ధావన్ (సెప్టెంబరు 25, 1920 - జనవరి 3, 2002) ప్రముఖ భారతీయ వాయుగతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. 1972 నుండి 1984 వరకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ (ఇస్రో) అధ్యక్షుడిగా, 1962 నుండి 1981 వరకు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడిగా పనిచేశాడు. నెల్లూరు తీరంలోని శ్రీహరికోట రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఈయన పేరే పెట్టారు. అనుభవజ్ఞులను, అప్పుడే కళాశాల విడిచివచ్చిన యువకులను ఒకే జట్టుగా కూర్చి, దేశపు తొలి ఉపగ్రహ వాహకనౌకను ఎగురవేయించిన సారథిగా ఈయన చరిత్రలో నిలిచిపోయాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ధావన్ శ్రీనగర్‌లో జన్మించాడు. లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో మొదట గణితం, భౌతికశాస్త్రాలలో పట్టా పొందాడు. తరువాత ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన 1945లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టా తీసుకున్నాడు. ఒకే వ్యక్తి ఈ మూడింటినీ చదవడం ఆ రోజుల్లోనే కాదు, ఈ రోజుల్లో కూడా అరుదు. కొంతకాలం బెంగళూరులోని హిందుస్తాన్ విమాన కర్మాగారంలో పనిచేసి, ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళాడు. 1947లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్., 1951లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ (కాల్‌టెక్) నుండి డాక్టరేటు పొందాడు. అక్కడ ఈయన గురువు హాన్స్ లీప్‌మన్.

పలక మీదుగా గాలి వేగంగా పారేటప్పుడు దాని ఉపరితలంపై కలిగే ఘర్షణను నేరుగా కొలవడం ఈయన పరిశోధనాంశం. అంతకుముందు దానిని ఎక్కువగా పరోక్షంగా లెక్కగట్టేవారు. పలకలో ఒక చిన్న భాగాన్ని విడిగా, స్వల్పంగా కదిలేటట్లు అమర్చి, గాలి దానిని ఎంత నెట్టిందో కొలవడం ధావన్ అనుసరించిన పద్ధతి.

విజ్ఞాన సంస్థలో

1951లో స్వదేశానికి తిరిగివచ్చి భారతీయ విజ్ఞాన సంస్థలో చేరాడు. 1955లో విమానశాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. ధ్వని కంటే వేగంగా గాలిని పారించే సూపర్‌సోనిక్ వాయుసొరంగాన్ని దేశంలో మొదటిసారిగా ఇక్కడ నిర్మించాడు. దాని పరీక్షాభాగం 1 అంగుళం వెడల్పు, 3 అంగుళాల ఎత్తు మాత్రమే. చూడడానికి బొమ్మలా ఉండే ఆ యంత్రం మీద చేయి తిరిగినవారే తరువాత పెద్ద వాయుసొరంగాల నిర్మాణానికి పనికివచ్చారు. రొద్దం నరసింహ ఈయన వద్ద పరిశోధన చేసినవాడే.

42 ఏళ్ళ వయసులో సంస్థ సంచాలకుడై, సుమారు రెండు దశాబ్దాలు ఆ పదవిలో కొనసాగాడు. జి.ఎన్. రామచంద్రన్, సి.ఎన్.ఆర్. రావు, మాధవ్ గాడ్గిల్ వంటివారు ఈయన హయాంలోనే అక్కడికి వచ్చారు. గ్రామాలకు పనికివచ్చే సాంకేతిక పరిజ్ఞానం కోసం 1974లో ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఇస్రో అధ్యక్షుడిగా

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా మరణించాడు. అప్పుడు ధావన్ సెలవుపై కాల్‌టెక్‌లో బోధిస్తున్నాడు. అంతరిక్ష కార్యక్రమ బాధ్యత తీసుకోమని ప్రధాని ఇందిరాగాంధీ నుండి పిలుపు వచ్చింది. ఈయన రెండు షరతులు పెట్టాడు: విజ్ఞాన సంస్థ సంచాలక పదవిలో కొనసాగనివ్వాలి, అంతరిక్ష కార్యక్రమ ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలి. ప్రభుత్వం రెండింటికీ అంగీకరించింది. ధావన్ వచ్చేవరకు ఎం.జి.కె. మీనన్ తాత్కాలికంగా బాధ్యతలు చూశాడు. 1972 సెప్టెంబరులో ధావన్ పదవి స్వీకరించాడు.

అప్పటికి కార్యక్రమం చెల్లాచెదురుగా ఉంది. తిరువనంతపురం సమీపంలోని తుంబాలో పలు చిన్న విభాగాలు వేర్వేరుగా పనిచేసేవి. వాటిని కలిపి విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంగా రూపొందించి, లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్‌ను దానికి అధిపతిగా చేశారు. ఉపగ్రహాల పని బెంగళూరులో యు.ఆర్. రావు, వాటి ఉపయోగాల పని అహ్మదాబాదులో యశ్‌పాల్ చూశారు. ప్రయోగాలకు శ్రీహరికోట.

శ్రీహరికోట

శ్రీహరికోట పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న దీవి. సూళ్ళూరుపేట నుండి సరస్సు మీదుగా వేసిన దారిలో సుమారు 20 కిలోమీటర్లు వెళ్ళాలి. తూర్పున అంతా సముద్రమే గనుక, రాకెట్టు విఫలమైనా శకలాలు జనావాసాల మీద పడవు. భూభ్రమణం వలన తూర్పు దిక్కుగా ప్రయోగించే రాకెట్టుకు కొంత వేగం ఉచితంగా లభిస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నకొద్దీ ఆ లాభం ఎక్కువ. ఈ కారణాలతో 1969లో ఈ స్థలాన్ని ఎంపిక చేశారు. అడవిలో దుంపలు, తేనె, వంటచెరకు సేకరిస్తూ, సరస్సులో చేపలు పడుతూ బ్రతికే యానాదులు అప్పటికే ఈ దీవిలో ఉండేవారు. కేంద్రం నిర్మాణంతో వారిలో చాలామంది తావులు మారవలసి వచ్చింది. రాకెట్ల విజయగాథలలో ఈ విషయం తరచు మరుగున పడిపోతుంది.

1971 అక్టోబరు 9న ఇక్కడినుండి రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది. వై. జనార్దనరావు తొలినాళ్ళలో ఈ కేంద్రానికి సారథ్యం వహించాడు.

ఎస్.ఎల్.వి.-3 జట్టు

నాలుగు ఘన ఇంధన దశలతో, సుమారు 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువుగల వాహకనౌక ఎస్.ఎల్.వి.-3. 40 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచడం లక్ష్యం. దీనికి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టరు. విదేశాలలో చదివివచ్చిన కొందరు నిపుణులు, తుంబాలో చిన్న రాకెట్లతో చేయి తిరిగినవారు, మొదటి ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు, కార్ఖానాల నుండి వచ్చిన పనివారు ఇందులో కలిశారు. ఉపగ్రహ వాహకనౌకను ఎగురవేసిన అనుభవం మాత్రం వీరిలో ఎవరికీ లేదు.

ఇటువంటి జట్టుకు రెండు ప్రమాదాలు ఉంటాయి. పెద్దలు చెప్పినదే వేదమై చిన్నవారు నోరు మెదపకపోవడం మొదటిది. ఎవరి భాగం వారు చక్కగా చేసి, భాగాలు కలిసే చోటును ఎవరూ పట్టించుకోకపోవడం రెండవది. ధావన్ కాలంలో సమీక్షా సంఘాలు ఇస్రో పనితీరులో స్థిరపడ్డాయి. ప్రాజెక్టుతో సంబంధంలేని విద్యాసంస్థల ఆచార్యులను కూడా సమీక్షలకు పిలిచేవారు. వయసు, హోదాలతో నిమిత్తం లేకుండా లెక్కలు చూపి వాదించవలసి వచ్చేది. ప్రాజెక్టు డైరెక్టరు అన్ని కేంద్రాల నుండి మనుషులను, పరికరాలను రాబట్టుకునే ఏర్పాటు చేయడం వలన, కలాం తనకంటే పెద్దవారితో కూడా పని చేయించగలిగాడు.

1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం జరిగింది. లెక్కింపు చివరి నిమిషాలలో కంప్యూటరు ప్రయోగాన్ని ఆపివేసింది. నియంత్రణ వ్యవస్థలో ద్రవం కారుతున్నట్లు కనిపించినా, ఉన్న నిల్వ సరిపోతుందని నిపుణులు అభిప్రాయపడడంతో తాను కంప్యూటరును పక్కనబెట్టి ముందుకు సాగానని కలాం తరువాతి కాలంలో అనేక సభలలో చెప్పాడు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశ నియంత్రణకు కావలసిన నైట్రిక్ ఆమ్లం కారిపోయినందున వాహనం అదుపు తప్పింది. బయలుదేరిన సుమారు 5 నిమిషాలకు సముద్రంలో పడింది.

ఏళ్ళ శ్రమ, ప్రజాధనం నీటిపాలైన రోజది. పత్రికలవారు కాచుకుని ఉన్నారు. తప్పు ఎవరిదని వేలెత్తి చూపదలిస్తే చూపడానికి మనిషి ఎదురుగానే ఉన్నాడు. ధావన్ కలాంను వెంటబెట్టుకుని సమావేశానికి వెళ్ళి, సంస్థ అధిపతిగా వైఫల్యాన్ని తన మీద వేసుకున్నాడు. తన జట్టు మీద నమ్మకం ఉందనీ, మరుసటి ఏడు విజయం సాధిస్తామనీ ప్రకటించాడు. ఆ తరువాత వైఫల్యానికి కారణాలను ఒక్కొక్కటిగా వెదికించాడు. జట్టును మాత్రం చెదరనివ్వలేదు. వైఫల్యాన్ని కళ్ళారా చూసినవారే రెండవ నౌకను కూర్చారు.

1980 జూలై 18న రెండవ ప్రయోగం ఫలించింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఈసారి పత్రికలవారితో మాట్లాడే పనిని ధావన్ కలాంకే అప్పగించి తాను వెనుక ఉండిపోయాడు. కలాం రాష్ట్రపతి అయిన తరువాత కూడా నాయకత్వమంటే ఏమిటని అడిగిన విద్యార్థులకు ఈ సంఘటననే చెబుతూ వచ్చాడు.

దీనికి ముందువెనుకలుగా ఆర్యభట్ట (1975), భాస్కర (1979), ఆపిల్ (1981) ఉపగ్రహాలు, 1975-76లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు చూపిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం, ఇన్సాట్ శ్రేణి ఆరంభం కూడా ధావన్ కాలంలోనివే. 1984లో యు.ఆర్. రావు ఈయన స్థానంలోకి వచ్చాడు.

పక్షుల అధ్యయనం

పులికాట్ సరస్సుకు శీతాకాలంలో వేలాది రాజహంసలు వస్తాయి. చేరువలోని నేలపట్టులో గూడబాతులు చెట్లపై గూళ్ళు కట్టుకుంటాయి. ధావన్‌కు ఈ పక్షులంటే ఎంతో ఆసక్తి. ఆ ఆసక్తి, వాయుగతిక శాస్త్రం కలిసి పక్షుల ఎగురుడుపై ఈయన రచించిన గ్రంథమైంది. భారతీయ విజ్ఞాన అకాడమీ దానిని 1991లో ప్రచురించింది. రెక్కల ఆకారం, వైశాల్యం, బరువు, వేగాల మధ్య సంబంధాలను అందులో ఇంజనీరు దృష్టితో పరిశీలించాడు.

పక్షులు బాణం మొన ఆకారంలో బారులు తీరి ఎగరడానికి కూడా ఈ శాస్త్రంలోనే సమాధానం ఉంది. రెక్క కొన వద్ద గాలి సుడి తిరుగుతుంది. ఆ సుడికి వెలుపలి వైపున గాలి పైకి లేస్తుంది. వెనుక వచ్చే పక్షి ఆ చోట రెక్క ఉంచితే దానికి శ్రమ తగ్గుతుంది. ముందున్న పక్షికి ఆ లాభం లేదు. ఐరోపాలో బట్టతల కంకణాల పిల్లలపై జరిపిన పరిశీలనలు 2014, 2015లలో వెలువడ్డాయి. అవి ముందుండే శ్రమను వంతులవారీగా పంచుకుంటాయని వాటిలో తేలింది. అనుభవం లేని పిల్లపక్షులు కూడా ఎగురుతూనే ఈ అమరిక నేర్చుకోవడం విశేషం.

వ్యక్తిగత జీవితం, గుర్తింపు

ధావన్ భార్య నళిని కణజన్యు శాస్త్రవేత్త. కుమార్తె జ్యోత్స్న ధావన్ జీవశాస్త్రవేత్తగా హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో పనిచేసింది. ధావన్‌ను భారత ప్రభుత్వం 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది. 1977 నుండి 1979 వరకు ఈయన భారతీయ విజ్ఞాన అకాడమీ అధ్యక్షుడిగా ఉన్నాడు.

2002 జనవరి 3న బెంగళూరులో మరణించాడు. అదే ఏడు సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు మార్చారు. 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్, 2023లో చంద్రయాన్-3 ఇక్కడినుండే బయలుదేరాయి.